నీళ్ళలో బర్రె బేరం: పాత స్పోర్ట్స్ కార్లు కొనేవారికి హెచ్చరిక

పాత స్పోర్ట్స్ కారు కోసం ఫోనులో బేరం కుదుర్చుకుని, టోకెన్ అడ్వాన్సు పంపడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు బోగోలు మండలంలో ఎవరున్నా ఈ పూటకు ఆగండి. ఇది చదివాకే ఆ డబ్బు పంపాలో వద్దో తేల్చుకోండి.

చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో కొత్తప్పుడు డెబ్బై, ఎనభై లక్షలు పలికిన కారు కొన్నేళ్ళు తిరిగాక కొత్త ఫార్చ్యూనర్ కంటే తక్కువకే దొరుకుతుంది. వీడియోలో తళతళా మెరుస్తుంది. స్టార్టు చేస్తే సైలెన్సర్ ఉరుముతుంది. రొయ్యల చెరువు కలిసొచ్చిన ఏడాదో, హైవే పక్క సెంటు భూమికి మంచి ధర పలికినప్పుడో, అమెరికా నుంచి కొడుకు డబ్బు పంపినప్పుడో ఇలాంటి కారు మీదికి మనసు పోతుంది. ఆ ఆశను నేను తప్పుపట్టను. వేగంగా పోయే యంత్రమంటే మన ఊరికి కొత్తేమీ కాదు. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట లోకో షెడ్డు చుట్టూనే ఈ ప్రాంతం బతికింది. ఆ షెడ్డులో ఫిట్టరు సుత్తితో తట్టి, బోల్టు బోల్టూ చూసి, సరేనన్నాకే ఇంజన్ లైను మీదికి వచ్చేది. ఆ పని చేసిన తాతల మనవళ్ళు ఈరోజు మూడు వందల గుర్రాల బలమున్న యంత్రాన్ని వాట్సాప్ వీడియో చూసి కొనడం నాకు భయం కలిగిస్తోంది.

ఎద్దును కొనేటప్పుడు మన రైతు ఎంత చూస్తాడో గుర్తు చేసుకోండి. నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాడు. సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి గిట్టల తీరు చూస్తాడు. కాడి కట్టి లాగిస్తాడు. అమ్మేవాడి ఊరికి పోయి, దొడ్డిలో దాన్ని మేపిన మనిషిని పక్కకు పిలిచి అడుగుతాడు. ముప్పై లక్షల కారుకు అందులో పదో వంతు జాగ్రత్త కూడా పడడం లేదు. నీళ్ళలో ఉన్న బర్రెను బేరమాడినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నీళ్ళ పైన కనిపించేది కొమ్ములూ వీపూ మాత్రమే. పాత కార్ల విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం, ఎందుకంటే వాటిలో కొన్ని నిజంగానే నీళ్ళలో మునిగి లేచినవి.

2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మళ్ళీ మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధులు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మన బోగోలుకు అటు చెన్నై, ఇటు విజయవాడ, రెండూ ఒకే జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఇలాంటి వరదల్లో మునిగిన కార్లను బాగుచేయడం దండగని తేలితే బీమా కంపెనీలు యజమానికి పరిహారం ఇచ్చి, కారును తుక్కు కింద వేలం వేస్తాయి. వేలంలో కొన్నవాళ్ళలో కొందరు దాన్ని ముక్కలు చేసి విడిభాగాలుగా అమ్ముకుంటారు. మరికొందరు ఎండబెట్టి, కడిగి, సీట్ల కవర్లు మార్చి, దూరపు ఊళ్ళో మళ్ళీ కారుగానే అమ్ముతారు. ఆర్సీ అసలైనదే. ఛాసిస్ నంబరూ అసలైనదే. మునిగిన సంగతి మాత్రం ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

మామూలు చిన్న కారు మునిగితే మెకానిక్ ఏదో ఒకలా తిప్పగలడు. ఖరీదైన స్పోర్ట్స్ కారు అలా కాదు. గేరుబాక్సుకు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి చొప్పున అందులో డజన్ల కొద్దీ కంప్యూటర్ పెట్టెలు ఉంటాయి. వాటిని కలిపే వైర్ల కట్ట చాలా కార్లలో కాళ్ళ కింద కార్పెట్ అడుగునే పోతుంది. కార్పెట్ ఆరినా, వైరు తొడుగు లోపలికి పాకిన నీళ్ళు అంత తొందరగా ఆరవు. రాగి మెల్లగా పచ్చబడుతుంది. కొన్న రోజు అన్నీ పనిచేస్తాయి. ఆరు నెలలకు ఒక లైటు వెలుగుతుంది, ఏడాదికి గేరు పడదు. ఇలాంటి కారును పట్టుకోవడానికి కొంత దారి ఉంది. సీటు బెల్టును చివరికంటా బయటికి లాగి చూడండి. మొదటి మూరెడు శుభ్రంగా ఉన్నా, చుట్టలో అడుగున ఉన్న భాగం మీద బురద గీత మిగిలి ఉంటుంది. సీటు కింది పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో తడిమి చూడండి. స్టెపినీ గుంటలో సన్నటి ఒండ్రు ఉందేమో వేలితో రాసి చూడండి. కారు తలుపు తీయగానే సెంటు వాసన గుప్పుమంటే ఆ వాసన దేన్ని కప్పుతోందో అడగండి.

నీళ్ళలో మునగని కారు గుద్దుకున్నదై ఉండవచ్చు. పెద్ద ప్రమాదంలో విచ్చుకున్న ఎయిర్‌బ్యాగుల స్థానంలో కొత్తవి పెట్టడానికి లక్షలవుతాయి. అందుకని కొన్ని షెడ్లలో ఖాళీ మూత బిగించి, కంప్యూటర్‌ను మోసం చేయడానికి ఒక చిన్న రెసిస్టర్ పెట్టి, హెచ్చరిక లైటు ఆరిపోయేలా చేస్తారు. స్టీరింగు మీద ఎయిర్‌బ్యాగు అన్న అక్షరాలు ఉంటాయి, వెనక ఏమీ ఉండదు. ఇది ప్రాణంతో చెలగాటం. చేసినవాడికి శిక్ష పడాలి. పడేదాకా కొనేవాడే కళ్ళు తెరుచుకుని ఉండాలి.

అసలు ఎయిర్‌బ్యాగే ఉన్నా ఇంకో ప్రమాదం ఉంది. సముద్రం పక్కన బతికే మనకు అది మరీ ముఖ్యం. జపాను కంపెనీ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో అమోనియం నైట్రేట్ మందు వాడారు. వేడి, తేమ ఎక్కువగా ఉండే చోట ఏళ్ళ తరబడి ఉంటే ఆ మందు గుణం మారుతుంది. చిన్న గుద్దుడుకే లోహపు డబ్బా పేలి, ముక్కలు డ్రైవరు మెడలోకి దూసుకొచ్చిన ఘటనలు అమెరికాలో, మలేసియాలో ప్రాణాలు తీశాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగు డబ్బాలను వెనక్కి పిలిచారు. ఆ జాబితాలో హోండా, టొయోటా మాత్రమే కాదు, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి, ఫెరారీ, పాత ఫోర్డ్ మస్టాంగ్ కూడా ఉన్నాయి. మన దేశంలోనూ పలు కంపెనీలు ఆ ఎయిర్‌బ్యాగులను మార్చాయి. కారు మూడు చేతులు మారితే కంపెనీ పంపిన పిలుపు కొత్త యజమానికి అందదు. ఛాసిస్ నంబరు కంపెనీ సర్వీసు సెంటరుకు చెప్పి, ఈ బండికి ఆ మార్పు జరిగిందా అని అడిగితే చెబుతారు. దీనికి ఒక్క ఫోను చాలు.

టైర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ళు అరుగుదలే చూస్తారు గానీ వయసు చూడరు. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో సినీ నటుడు పాల్ వాకర్ ఒక పోర్షే కరేరా జీటీలో ప్రయాణిస్తూ చనిపోయాడు. 2005 నాటి కారు అది, నడుపుతున్నది అతని స్నేహితుడు. ప్రమాదానికి కారణం అతివేగమని విచారణ తేల్చింది. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ళ నాటివనీ, పాతబడిన రబ్బరు వల్ల కారు పట్టు తగ్గి ఉండవచ్చనీ కూడా పరిశోధకులు చెప్పారు. తక్కువ తిరిగిన కారు అంటే మంచి కారు అని మనవాళ్ళు అనుకుంటారు. తక్కువ తిరిగిందంటే ఎక్కువకాలం కదలకుండా నిలబడి ఉందనీ అర్థం. రబ్బరు నిలబడినా ముసలిదవుతుంది. టైరు పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని లెక్క. టైరు సైజు అంకెల చివర వేగానికి ఒక అక్షరం ఉంటుంది. టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వరకు, డబ్ల్యూ అంటే 270 వరకు, వై అంటే 300 వరకు. వై టైర్లు ఉండవలసిన కారుకు ఖర్చు తగ్గుతుందని టీ టైర్లు బిగించి అమ్మితే, ఆ కారును ఇంటికి కూడా నడిపి తీసుకురాకండి. సరైన టైర్లు నాలుగు వేయించాలంటే లక్ష దాటడం మామూలే. ఆ లెక్క బేరంలోనే వేసుకోవాలి.

ఇక కాగితాలు. ఇక్కడ అజాగ్రత్తగా ఉన్నవాళ్ళలో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు, పేరున్నవాళ్ళూ ఉన్నారు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదు దుర్గం చెరువు తీగల వంతెన దాటాక సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ రోడ్డు మీది ఇసుకలో జారి పడ్డ సంగతి అందరికీ తెలుసు. ఆయన నడుపుతున్న ట్రయంఫ్ స్పోర్ట్స్ బైకు సెకండ్ హ్యాండులో కొన్నది. ప్రమాదం జరిగేనాటికి అది ఇంకా పాత యజమాని పేరు మీదే ఉందని పోలీసులు చెప్పారు. అతివేగానికి వేసిన పాత చలానా ఒకటి కూడా దాని మీద ఉంది. హెల్మెట్ ఉండబట్టి ఆయన కోలుకున్నాడు. ఆ బండిని అమ్మేసి ఊరుకున్న మనిషినీ పోలీసులు విచారించారు.

అమ్మేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి. 2007లో ఒకాయన అమ్మిన కారు చేతులు మారుతూ పోయి, 2009లో ప్రమాదం చేసి ఒక పిల్లవాడి ప్రాణం తీసింది. రిజిస్టరులో పేరు మారలేదు. చివరకు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే యజమానులని, పరిహారం మొదటి యజమానే కట్టాలని తీర్పు చెప్పింది. కారు ఎవరి దగ్గరుందన్నది కోర్టు చూడలేదు. కాబట్టి పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే సంతకం పెట్టి బ్రోకరు చేతిలో పడేసే అలవాటు ఈరోజే మానండి. కొన్నవాళ్ళు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. బీమా కూడా మీ పేరు మీదికి మార్పించుకోకపోతే, సొంత కారు పాడైనప్పుడు కంపెనీ పైసా ఇవ్వదు. పాత యజమాని పేరున ఉన్న పాలసీ కాగితం చూపించి ఇంకా ఎనిమిది నెలలు ఉందిలే అని బ్రోకరు చెప్పే మాట నమ్మవద్దు.

పక్క రాష్ట్రం బండి అయితే చిక్కు రెండింతలు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఖరీదైన కారుకు ఆ పన్ను లక్షల్లో ఉంటుంది. పుదుచ్చేరి నంబరు ఉంది, తిప్పుకోవచ్చు, ఎవరూ అడగరు అని చెప్పేవాళ్ళు మన వైపు తక్కువేమీ కాదు. అడుగుతారు. 2021 ఆగస్టులో హైదరాబాదు శివార్లలో రవాణా శాఖ పన్ను కట్టని ఖరీదైన కార్లను ఒక్కసారిగా పట్టుకుంది. వాటిలో ఫెరారీ, లంబోర్గిని ఉన్నాయి. 2025 జులైలో బెంగళూరులో మహారాష్ట్ర నంబరుతో తిరుగుతున్న ఒక ఎర్ర ఫెరారీకి అక్కడి అధికారులు నోటీసిస్తే, యజమాని 1 కోటి 41 లక్షలకు పైగా పన్ను, జరిమానా కట్టి విడిపించుకోవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు భూటాను నుంచి దొంగచాటుగా వచ్చిన పాత వాహనాల కోసం ఇళ్ళిళ్ళూ సోదా చేశారు. సినిమా వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళారు. విదేశంలో వాడిన కారును మన దేశంలోకి తేవాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, సుంకం కారు ధరను మించిపోతుంది. ఇవన్నీ సక్రమంగా కట్టిన కారు చవకగా ఎలా వస్తుందో మీరే ఆలోచించండి. కస్టమ్స్ వాళ్ళు కారు పట్టుకుపోతే మీరు ఇచ్చిన డబ్బుకు బ్రోకరు పూచీ ఉండడు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. కారు కూడా మంచిదే అనుకుందాం. దాన్ని బోగోలులో ఎవరు చూస్తారు? కావలిలో, నెల్లూరులో మంచి మెకానిక్‌లు ఉన్నారు. చేతి పనిలో వాళ్ళను తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది. కానీ జంట క్లచ్చుల గేరుబాక్సు విప్పాలంటే కంపెనీ కంప్యూటర్, కంపెనీ పనిముట్లు, కంపెనీ నూనె కావాలి. దానికోసం రెండు వందల కిలోమీటర్లు దాటి చెన్నై పోవాలి. కారు నడవని స్థితిలో ఉంటే లారీ మీద ఎక్కించి పంపాలి. అక్కడ విడిభాగం జర్మనీ నుంచి రావాలంటారు, వారాలు గడుస్తాయి. కంపెనీయే దేశం వదిలి పోతే ఇంకా కష్టం. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంతకు ముందే జనరల్ మోటార్స్ అమ్మకాలు ఆపింది, ఫియట్ వెళ్ళిపోయింది. మస్టాంగ్, అబార్త్ పుంటో లాంటివి పాత మార్కెట్లో చవకగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

పెట్రోలు సంగతి చిన్నదే అయినా చెప్పాలి. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి తగ్గట్టు చేసిన కార్లు 2023 నుంచి వస్తున్నాయి. అంతకు ముందువాటిలో రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు కొంతకాలానికి మార్చవలసి రావచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. చిన్న కారులో అది చిన్న ఖర్చు, వీటిలో కాదు.

పై ఖర్చులన్నీ భరించగల మనిషికి కూడా నేను చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. కావలి నుంచి నెల్లూరు దాకా మన ముందున్న హైవే ఎలాంటిదో మనకు తెలుసు. డివైడర్ సందులోంచి బైకు అడ్డం వస్తుంది. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని ఆడమనిషి దాటుతుంది. రాత్రి వెనక లైటు లేని ట్రాక్టరు వెళుతుంటుంది. కోతల కాలంలో సర్వీసు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. నాలుగు లైన్ల జాతీయ రహదారి మీద కారుకు గరిష్ఠ వేగం గంటకు 100. ఆ వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ప్రమాదం కనిపించి, కాలు బ్రేకు మీదికి వెళ్ళి, బండి ఆగేసరికి ఎంత మంచి బ్రేకులున్నా 80 మీటర్లు దాటుతుంది. అదే 150లో పోతుంటే 150 మీటర్లు పడుతుంది. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, బ్రేకు పట్టే దూరం మాత్రం రెండు రెట్లు మించింది. ఈ కార్లు నాలుగైదు సెకన్లలో వందను అందుకుంటాయి. లోపల కూర్చున్నవాడికి ఆ వేగం తెలియకుండా ఉండాలనే వాటిని తయారుచేశారు. రోడ్డు దాటుతున్న మనిషి అంత దూరంలో ఉన్న కారును చూసి, దాటేయొచ్చులే అనుకుంటుంది.

నెల్లూరు జిల్లావాళ్ళం మనం 2017 మే 10 తెల్లవారుజామును మరచిపోలేదు. అప్పటి మంత్రి నారాయణ కుమారుడు నిషిత్, అతని స్నేహితుడు ప్రయాణిస్తున్న మెర్సిడెస్ జీ 63 ఏఎంజీ జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లరును గుద్దింది. ఇద్దరూ చనిపోయారు. అది పాత కారు కాదు, డబ్బుకు వెనకాడే ఇల్లూ కాదు. కొత్త టైర్లు, కొత్త బ్రేకులు ఉన్న కారులోనే అలా జరిగితే, ఎవరు ఎలా తిప్పారో తెలియని పదేళ్ళ కారును మన పిల్లల చేతికి ఎలా ఇస్తాం? 2024 మేలో పుణేలో పదిహేడేళ్ళ కుర్రవాడు నడిపిన పోర్షే ఇద్దరు యువ ఇంజనీర్లను చంపింది. మైనరుకు బండి ఇచ్చిన తండ్రికి, యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా అని చట్టం 2019 నుంచే చెబుతోంది. మన ఊళ్ళో పద్నాలుగేళ్ళకే బుల్లెట్ నేర్పించి మురిసిపోయే నాన్నలు ఉన్నారు. వాళ్ళను బతిమాలి చెబుతున్నాను, ఈ కార్ల తాళం ఇంట్లో పిల్లలకు అందేచోట పెట్టకండి.

కొత్త కారు మీద మొదటి మూడేళ్ళలో పోయే విలువ ఇంకొకరు భరించాక కొనడం తెలివైన పని కాదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. నిజమే. ఒక్క చేతిలో ఉండి, ప్రతి సర్వీసు కంపెనీలో జరిగి, బిల్లులన్నీ ఉన్న కారు దొరికితే, కొనే ధరలో కనీసం మూడో వంతు మరమ్మతుల కోసం బ్యాంకులో విడిగా ఉంటే, ఇంట్లో రోజూ తిరగడానికి వేరే బండి ఉంటే, అలాంటి మనిషి కొనుక్కోవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దనే నా మాట. చెరువు మీద అప్పు ఉండగా కొనడం గురించి అయితే అసలు మాట్లాడనే అక్కర్లేదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య ధర ఎలా పడిపోయిందో చూశాం. రొయ్య పడిపోయిన వారంలోనే గేరుబాక్సూ పోవచ్చు.

అయినా కొనదలిస్తే, ముందు కారు నంబరు అడిగి ఎం-పరివాహన్‌లో చూడండి. ఎన్నో యజమాని, ఫైనాన్స్ తీరిందా, బీమా ఎప్పటిదాకా, చలానాలు ఎన్ని, అన్నీ అందులో కనిపిస్తాయి. తర్వాత ఛాసిస్ నంబరు అడిగి కంపెనీ సర్వీసు సెంటరుకు పంపండి. సర్వీసు రికార్డులో ఉన్న కిలోమీటర్లూ, మీటరు మీది కిలోమీటర్లూ సరిపోలకపోతే అక్కడితో ఆపండి. లాప్‌టాప్ పెట్టి మీటరు వెనక్కి తిప్పడం పది నిమిషాల పని. కొన్ని కార్లలో, ముఖ్యంగా పోర్షేల్లో, ఇంజన్‌ను ఎన్నిసార్లు హద్దు దాటించి తిప్పారో లోపలి కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. ఆ ప్రింటు తీయించండి. పవరు పెంచడానికి కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పించారేమో అడగండి. మార్పించి ఉంటే గేరుబాక్సు ఆయుష్షు సగం అయిపోయినట్టే లెక్కించండి. కారును చెన్నై కంపెనీ షెడ్డులో పైకెత్తించి, అడుగు భాగం మీ కళ్ళతో చూడండి. దానికయ్యే కొన్ని వేలు, పోబోయే లక్షల ముందు లెక్కలోకి రావు. డీలరు దగ్గర కొంటుంటే, పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలన్న కేంద్ర నియమం 2023 ఏప్రిల్ నుంచి ఉందని గుర్తుచేసి, ఆ పత్రం చూపమనండి.

ఈ మాటలు విని అమ్మేవాడు విసుక్కోవచ్చు. ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది, ఇప్పుడే టోకెన్ వేస్తేనే కారు మీకు, అనవచ్చు. సాయంత్రం వచ్చే ఆ పార్టీకే కారు ఇచ్చేయమనండి. ఛాసిస్ నంబరు ఇవ్వననే మనిషికి, కంపెనీ షెడ్డుకు కారు తేననే మనిషికి ఒక్క రూపాయి కూడా పంపకండి.